గీకుడత్త పువ్వు

మా ఇంటి ముందుగదిలో గోడకు ఒక మేకు ఉంది. ఇళ్ళు మారాయి గానీ మేకు మారలేదు. ఏ అద్దె ఇంట్లో దిగినా, సామాను ఇంకా గుమ్మంలో ఉండగానే, నాన్న చేసే మొదటి పని ఆ మేకును గోడకు దిగ్గొట్టడం. "ఇది మా అమ్మ ఫోటోకి. ఎవరూ ఏదీ తగిలించకండి" అని ఇంటిల్లిపాదికీ వినపడేలా చెబుతాడు. ఫోటో ఉంటే గదా! ఉన్నది మేకొక్కటే. కొన్నాళ్ళు పోయాక మా అమ్మ దానికి గొడుగు తగిలించేది. నాన్న గొణుక్కునేవాడు. గొడుగు అక్కడే ఉండిపోయేది.

మేనత్త మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ నాన్న కళ్ళు ముందు ఆ మేకు మీదికి పోయేవి, తర్వాత ఆమె మీదికి వచ్చేవి.

"ఫోటో స్టూడియోలో పని చేసిందమ్మా మా అక్క! ఊళ్ళో ఉన్న మొహాలన్నీ దిద్దింది. కన్నతల్లి ఫోటో ఒక్కటి తీయించడానికి మాత్రం తీరిక చిక్కలేదు పాపం."

ఇదీ వరస. అరిగిపోయిన రికార్డు. అత్త ఒక్క మాట తిరిగి అనేది కాదు. టీ తాగి, కప్పు తనే కడిగి బోర్లించి, "వస్తానురా తమ్ముడూ" అని వెళ్ళిపోయేది.

నాకు ముక్కు మీద కోపం అంటారు. ఉంటుంది మరి. బస్సు డిపోలో టికెట్ కౌంటర్ వెనక కూర్చుని, వరస తప్పి చేతులు దూర్చే జనంతో పొద్దస్తమానం గొంతు చించుకునేదాన్ని. నాయనమ్మ పోయాక నాన్నను పెంచింది అత్తే. చదివించింది, కండక్టర్ ఉద్యోగంలో చేరేదాకా తిండి పెట్టింది, పెళ్ళి చేసింది. తన పెళ్ళి మాటెత్తితే మాత్రం "నా కళ్ళు నెగెటివ్‌లు చూడ్డానికే సరిపోయాయి, ఇంక మొగుణ్ణేం చూస్తాను" అని నవ్వేసేది. అలాంటి మనిషి తను పెంచిన తమ్ముడి ముందు దొంగలా కూర్చుంటే నాకు ఒళ్ళు మండేది. "నోట్లో నాలుక లేదా అత్తా, ఒక్కసారి గట్టిగా అడిగెయ్యి" అనేదాన్ని. "పోనీలే అమ్మడూ" అనేది. అదే నాకు అర్థమయ్యేది కాదు.

గీకుడత్త అని పేరు పెట్టింది మేమే, నేనూ నా చెల్లెళ్ళూ. ఆమె పనే అది. పెద్ద వీధిలో ఒక ఫోటో స్టూడియో ఉండేది. మేడ మీద గది, కిటికీ పక్కన ఏటవాలు బల్ల. దానికి నెగెటివ్ గాజు పలకను నిలబెట్టి, వెనక నుంచి వెలుతురు పడేలా పెట్టుకుని, సన్నటి బ్లేడుతో గీకడం, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో దిద్దడం. నెగెటివ్‌లో నలుపు తెల్లగానూ తెలుపు నల్లగానూ ఉంటుంది గనక, గీకిన చోటు ఫోటోలో నల్లబడుతుంది, పెన్సిల్ తగిలిన చోటు తెల్లబడుతుంది. ఆ రెండింటితోనే అత్త జనం మొహాల మీద మచ్చలు తీసేసింది, ముడతలు సాపు చేసింది, మెల్లకళ్ళను దారిలో పెట్టింది. తన ఫోటో చేతికిస్తే అటూ ఇటూ తిప్పి "ఈయనెవరండీ?" అని అడిగిన పెద్దమనిషి కూడా ఉన్నాడట. స్టూడియో యజమానిని అందరూ నల్లగుడ్డాయన అనేవారు. కెమెరా వెనక నల్లగుడ్డలో ఆయన తల దూరిందంటే మళ్ళీ బయటికి రావడం గగనం.

స్టూడియో కిటికీలోంచి చూస్తే ఎదురుగా సింహాల పంపు. ఆఫీసు కాగితాల్లో దాని పేరు ఫౌంటెనే. కానీ బిందెలు పట్టుకుని వెళ్ళేవాళ్ళకు అది పంపే. తెల్లటి రాయితో అంతస్తులు అంతస్తులుగా కట్టింది. కింద నాలుగు వైపులా సింహాల తలలు, వాటి నోళ్ళలోంచి నీళ్ళు. వాటి పైన చేపల మీద కూర్చున్న రాతి పిల్లలు. అన్నిటికంటే పైన, భుజం మీద కూజా వంచి నీళ్ళు పోస్తున్నట్టు ఒక రాతి ఆడమనిషి. సింహాల కింద నున్నటి అరుగు ఒకటి చుట్టూ ఉండేదట, బిందె ఆనించుకోవడానికి. ఇళ్ళల్లో కొళాయిలు లేని రోజులు. వీధి వీధంతా తెల్లారగానే అక్కడే ఉండేది.

మా నాయనమ్మకు ఆ పంపే జీవనాధారం. నాన్న పసివాడుగా ఉండగానే తాతయ్య పోయాడు. ఆవిడ సింహాల దగ్గర బిందె నింపి, చంకన పెట్టుకుని, చుట్టుపక్కల మేడలెక్కి పై అంతస్తుల ఇళ్ళకు నీళ్ళు పోసేది. సాయంత్రానికి నడుము పట్టేసి నేల మీద బోర్లా పడుకుంటే, అత్త కాళ్ళతో తొక్కేదట.

ఇవన్నీ నాకు మొన్నమొన్నటి దాకా తెలియవు. ఎందుకంటే అత్త చెప్పదు, నాన్నకు అంత గుర్తు లేదు. నాయనమ్మ పోయేనాటికి ఆయన మరీ చిన్నవాడు.

ఒక మధ్యాహ్నం అత్త డిపోకి వచ్చింది. కౌంటర్ దగ్గర వరసలో నిలబడింది, అందరితో పాటు! తన వంతు వచ్చాక కన్నంలోంచి పేపర్ ముక్క ఒకటి లోపలికి తోసింది.

"ఎక్కడికి?" అన్నాను అలవాటుగా, తలెత్తకుండా.

"ఇక్కడికి" అంది.

పేపర్లో వార్త అది. ఎప్పుడో రోడ్డు వెడల్పు చేస్తూ కూల్చేసిన పాత ఫౌంటెన్‌ను నగరపాలక సంస్థ వాళ్ళు అదే చోట, అచ్చం పాతదానిలాగే మళ్ళీ కట్టించారట. కట్టడానికి ఆధారంగా ఊరంతటి నుంచీ సేకరించిన పాత ఫోటోలను పక్కనున్న పాత తపాలా ఆఫీసు హాల్లో ప్రదర్శనకు పెట్టారట.

"నన్ను అక్కడికి తీసుకెళ్ళాలి అమ్మడూ. మీ నాన్నకు చెప్పకు."

"ఏం, చెబితే ఏమవుతుంది?"

అత్త తన వెనకున్న వరస వైపు చూసింది. నేను కౌంటర్ పక్కవాడికి అప్పగించి, ఆమెను డిపో వెనక బెంచీ మీదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. చెబితేగానీ కదలనన్నాను. అప్పుడు చెప్పింది.

నాయనమ్మ ఫోటో ఒకటి తీశారు. అవును, తీశారు! సింహాల పంపు ఫోటో కార్డులు అచ్చువేయించాలని నగర సభ వాళ్ళు, అంటే అప్పటి మునిసిపాలిటీ వాళ్ళు, నల్లగుడ్డాయనకు పురమాయించారు. పై ఊరి నుంచి ఎవరో గొప్పవాళ్ళు వస్తున్నారట, వాళ్ళకు పంచడానికి. ఆయన పొద్దున్నే వీధిలో మూడు కాళ్ళ కెమెరా స్టాండు నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చాడు. నీళ్ళ కోసం వచ్చిన ఆడవాళ్ళు కొందరు మొహం తిప్పుకున్నారు, కొందరు నవ్వులాటల్లో పడ్డారు. నాయనమ్మ మాత్రం తలగుడ్డ సర్దుకుని, తడి చేత్తో మొహం తుడుచుకుని, బిందెను అరుగు మీద పెట్టి, దాని మీద చేయి ఆనించి, కెమెరా వైపు తిరిగి నిటారుగా నిలబడింది. అత్త పై కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"ఇంటికొచ్చాక ఒకటే సంబరం. 'నేను కార్డు మీద పడతానే, ఊళ్ళు తిరుగుతానే' అని సందులో అందరికీ చెప్పింది" అంది అత్త.

నల్లగుడ్డాయన ఆ నెగెటివ్ నుంచి ఒకే ఒక్క అచ్చు తీసి సభ ఆఫీసుకు పంపాడు. మర్నాడు అది తిరిగి వచ్చింది. దాని మీద ప్రతి మనిషి మీదా ఎర్ర పెన్సిల్‌తో కొట్టివేత. జనం వద్దు, బిందెలు వద్దు, ఒక్క మనిషి కూడా కనపడకూడదు, నగరం శుభ్రంగా కనపడాలి. నల్లగుడ్డాయన ఆ అచ్చునూ గాజు పలకనూ తెచ్చి అత్త బల్ల మీద పెట్టాడు.

"నువ్వేమన్నావు?"

"ఒక్కరినైనా ఉంచుదామండీ, పంపు ఎంత పెద్దదో చూసేవాళ్ళకు తెలుస్తుంది కదా అన్నాను. 'సరే, ఎవరి కోసం బతిమాలుతున్నావు?' అని నవ్వాడు. నోట్లోంచి మాట రాలేదే."

"మా అమ్మ అని చెప్పొచ్చుగా!"

అత్త నా వైపు కాకుండా బస్సుల వైపు చూస్తూ చెప్పింది. స్టూడియోలో ఎవరికీ ఆమె నీళ్ళమనిషి కూతురని తెలియదు. తెలియనివ్వొద్దన్నది నాయనమ్మే. "నేనెవరో తెలిస్తే నిన్ను బల్ల దగ్గర కూర్చోనిస్తారటే? గదులు తుడవమంటారు" అందట. స్టూడియో ఉన్న మేడ పై అంతస్తుకు కూడా నాయనమ్మే నీళ్ళు పోసేది. మెట్ల మీద తల్లీకూతుళ్ళు ఎదురైతే, కూతురు గోడకు జరిగి దారిచ్చేది, తల్లి తల వంచుకుని ఎక్కిపోయేది. ముక్కూ మొహం తెలియనివాళ్ళలాగే.

"కుట్టుపని చేస్తుంది మా అమ్మ అని చెప్పాను నల్లగుడ్డాయనకి. ఇప్పుడు ఆ పలక మీద చూపించి ఈవిడే అని ఎలా చెప్పను?"

గీకింది. ముందు మిగతా ఆడవాళ్ళను, చివరికి తల్లిని. తలగుడ్డను, మొహాన్ని, భుజాన్ని. గీకితే పలక మీద నల్లటి పొడి లేస్తుంది, దాన్ని నోటితో ఊదేయాలి. ఊదిందట. వేళ్ళకు అంటినది తుడుచుకుని టీ తాగడానికి లేచిందట. మొహం ఉన్న చోట గోడ వచ్చింది, బాగానే వచ్చింది. చిక్కంతా బిందె దగ్గరే. దాని గుండ్రం ఎంత దిద్దినా మరకలాగే మిగిలింది. అది పోక, చివరికి ఆ గుండ్రాన్నే పువ్వు నడిమి దిమ్మెగా చేసి, చుట్టూ రేకులు వేసింది. తల్లి చేయి ఆనించిన చోట ఒక ఆకు వేసింది. రాతిలో చెక్కినట్టే కుదిరింది. నల్లగుడ్డాయన భూతద్దం పెట్టి చూసి "నీ చేతికి బంగారు కడియం వేయించాలి" అన్నాడు. వేయించలేదనుకోండి.

"నాకేం అనిపించలేదే అమ్మడూ అప్పుడు. అమ్మ సాయంత్రం ఇంటికి వస్తుంది కదా అనుకున్నాను. మనిషే ఉన్నాక ఫోటోదేముంది?"

కార్డు వచ్చింది. అత్త ఒకటి ఇంటికి తెచ్చింది. తేకపోతే నాయనమ్మ ప్రాణం తీసేట్టుంది. నాయనమ్మ దాన్ని దీపం దగ్గర పెట్టి చూసింది, దూరంగా పెట్టి చూసింది.

"నేనేదే?"

"వెలుతురు చాల్లేదమ్మా. నువ్వు పడలేదు."

"ఓహో! నా నలుపు అంతటిదన్నమాట, కెమెరా కూడా కళ్ళు మూసుకుంది" అని నాయనమ్మ పగలబడి నవ్విందట. మళ్ళీ కార్డు చూసి "ఈ పువ్వెక్కడిదే? రోజూ అక్కడే బిందె పెట్టి చస్తున్నాను, ఎన్నడూ చూడలేదు" అంది. మర్నాడు పంపు దగ్గర ఆ రాయి చేత్తో తడిమి చూసుకుని వచ్చి, "లేదే! నాకు కళ్ళు కూడా పోతున్నాయేమో" అందట.

ఆ చలికాలంలోనే ఊపిరితిత్తులకు జబ్బు చేసి నాయనమ్మ పోయింది. మరుసటి ఏడు పంపును కూల్చేశారు. కార్డు మాత్రం నాన్న మంచం పక్కన గోడకు అంటించుకున్నాడు. చిరిగి ముక్కలయ్యేదాకా దాన్నే చూస్తూ పెరిగాడు. పెద్దయ్యాక మేకు కొట్టాడు.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు నాన్నకి?" నా గొంతు డిపో అంతా వినపడి ఉంటుంది.

"ఏమని చెప్పను? అమ్మ ఫోటో తీయించలేదని వాడు తిడుతున్నాడు. అదే నయం. తీసిన ఫోటోలోంచి నేనే గీకేశానని చెబితే? ఆ ఎర్ర పెన్సిల్ అచ్చు సభ ఆఫీసుకే తిరిగి పోయింది. దాని మీద గీతలే ఉన్నాయి గానీ అమ్మ ఉంది. ఇప్పుడు ఫోటోలన్నీ పోగేశారంటున్నారు కదా. అది దొరికితే, వాడి చేతిలో పెట్టి, అప్పుడు చెబుతాను. ఉత్త చేతులతో చెప్పలేనే."

నాకు ఏడుపు వచ్చిందో కోపం వచ్చిందో చెప్పలేను. ఎవరి మీద రావాలో కూడా తెలియలేదు. మర్నాడు సెలవు పెట్టాను.

హాల్లో నాలుగు గోడలా సింహాల పంపే. నలుపు తెలుపువి, గోధుమరంగువి, రంగులు పూసినవి. అత్త సంచిలోంచి పాత భూతద్దం తీసింది. మొదటి గోడ దగ్గర మొదలుపెట్టి వరసగా చూసుకుంటూ వెళ్ళింది. కొన్ని ఇంకా పాతవి, అత్త పుట్టకముందువి, మసకబారి రాయి కూడా సరిగా ఆనడం లేదు. కొన్ని వీధి చివర నుంచి తీసినవి, మనుషులు చీమల్లా ఉన్నారు. మిగతావన్నీ ఆ కార్డే. స్టాంపు ముద్ర పడ్డది, టీ మరక పడ్డది, అంచులు కత్తిరించింది, ఎవరో మీసాలు గీసింది, పటం కట్టించుకున్నది. ఎన్ని ఇళ్ళ నుంచి వచ్చాయో! అన్నిటిలోనూ ఖాళీ వీధి, ఖాళీ అరుగు, కుడిచేతి సింహం కింద గుండ్రటి పువ్వు.

"ఆ రోజుల్లో ఊరెంత ప్రశాంతంగా ఉండేదో చూడు. మనిషి పురుగు కూడా లేదు!" అన్నాడు పక్కన ఒకాయన వాళ్ళావిడతో.

నేను నోరు తెరవబోయాను. అత్త నా చేయి గిల్లింది.

ఆమె ఆ కార్డులను కూడా వదలకుండా ఒక్కొక్కటే భూతద్దంతో చూస్తోంది. ఎందుకత్తా, అన్నీ ఒకటేగా అన్నాను.

"ఎక్కడైనా తప్పు చేసి ఉంటానేమోనని చూస్తున్నా. పాదమో, నీడో, తలగుడ్డ అంచో. పడుచుదాన్ని కదా, ఎంత జాగ్రత్తగా చేసినా ఏదో ఒకటి వదిలేసి ఉంటాను." చివరి కార్డు దగ్గర భూతద్దం దించింది. "వదల్లేదే. ఏమీ వదల్లేదు. పాడు చేతులు."

తలుపు దగ్గర బల్ల వేసుకుని ఒక కుర్రాడు కూర్చున్నాడు. మెడలో గుర్తింపు కార్డు. ఆ పువ్వు కార్డునే పెద్దది చేసి, పటాలు కట్టి, ప్రదర్శన గుర్తుగా అమ్ముతున్నాడు. అత్త వెళ్ళి అడిగింది.

"బాబూ, ఎర్ర పెన్సిల్‌తో గీతలున్న ఫోటో ఒకటి రావాలి. మీ ఆఫీసు నుంచే. అందులో జనం ఉంటారు."

"ఎర్ర గీతలా? ఆ... ఉండేదండీ. పాత ఫైళ్ళలో దొరికింది. నేనే చూశాను."

అత్త బల్ల అంచు పట్టుకుంది.

"ఎక్కడుంది?"

"అది పనికిరాదన్నారండీ కాంట్రాక్టరు గారు. నిండా గీతలు, పైగా రాయి కనపడకుండా ముందర ఆడవాళ్ళు అడ్డంగా నిలబడ్డారు. చెక్కేవాళ్ళకు కావాల్సింది రాయి కదండీ. ఎలాగూ అదే ఫోటో మంచివి ఇన్ని ఉన్నాయి, అందుకని చెత్త కాగితాలతో పాటు ఇచ్చేశారు."

"ఎప్పుడు?"

"చాలా రోజులైందండీ. అచ్చులన్నీ నలిపేసి గుజ్జు చేస్తారు కదా, ఇక దొరకదు." కుర్రాడు అత్త మొహం చూసి కంగారు పడ్డాడు. "మీ వాళ్ళెవరైనా ఉన్నారా అమ్మా అందులో?"

ఇక నా వల్ల కాలేదు. ఆ హాల్లో ఎంత అరిచానో నాకే తెలియదు. ఒక మనిషి మొహాన్ని చెత్తబుట్టలో వేసే హక్కు మీకెవరిచ్చారన్నాను. రాయి కోసం మనుషుల్ని అడ్డం అంటారా అన్నాను. కుర్రాడు లేచి నిలబడి "నాకేం తెలుసు మేడమ్, నేను మొన్న చేరాను" అన్నాడు. పాపం, వాడి తప్పేముంది. జనం పోగయ్యారు. అత్త నన్ను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"వాణ్ణెందుకంటావు? వాళ్ళు కాగితాన్ని పారేశారు. గీకింది నేను" అంది. ఆ మాట మామూలుగానే అంది.

బయట కొత్త సింహాల పంపు ఎండలో మెరిసిపోతోంది. చుట్టూ తాడు కట్టారు, లోపలికి పోకూడదని పలక పెట్టారు. సింహాల నోళ్ళలోంచి నీళ్ళు వస్తున్నాయి, కింద తొట్టిలో పడి, అవే మళ్ళీ పైకి పోతున్నాయి. ఎవరూ పట్టుకోవడానికి లేదు. పైన రాతి ఆడమనిషి కూజా వంచి నీళ్ళు పోస్తూనే ఉంది. ఆమెను మాత్రం ఎవరూ కొట్టివేయలేదు, అప్పుడూ ఇప్పుడూ.

తాడు పక్కగా కుడివైపు తిరిగాం. సింహం కింద, నాయనమ్మ బిందె పెట్టుకున్న చోట, రాతిలో పువ్వు.

అత్త ఆగిపోయింది. నేను కూడా. హాల్లో అన్ని ఫోటోల్లో చూసినా నా మట్టిబుర్రకు ఇది తట్టనే లేదు. ఫోటో చూసి కట్టారు. ఫోటోలో పువ్వుంది. చెక్కారు. నడిమి దిమ్మె, చుట్టూ రేకులు, పక్కకు ఒరిగిన ఆకు.

తాడు లోపల ఒక శిల్పి మోకాళ్ళ మీద కూర్చుని గరుకు కాగితంతో రాయి అంచులు సాపు చేస్తున్నాడు. అత్త అతణ్ణి పిలిచింది.

"ఆ పువ్వు నువ్వే చెక్కావా నాయనా?"

"నేనే అవ్వా. దీంతో చచ్చే చావయింది. సింహాలు కూడా ఇంత ఏడిపించలేదు. ఎంత వెతికినా ఇలాంటి పువ్వు ఇంకెక్కడా కనపడలేదు. ఎవరు చెక్కారోగానీ, పాతకాలం పనితనమే వేరు!"

"అక్కడ పువ్వు ఉండేది కాదు నాయనా."

శిల్పి నవ్వాడు. "ఫోటోలో ఉంది కదవ్వా."

"అవును. ఉంది" అంది అత్త.

బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. తర్వాత తనే అంది, దిగగానే తిన్నగా మీ ఇంటికే వస్తాను, ఫోటో దొరికినా దొరక్కపోయినా ఇవాళ వాడికి చెప్పేస్తాను అని. "తిడితే తిట్టనీ. మొహం చూడనంటే మానేస్తాను. ఇక మోయలేనే అమ్మడూ." నేను ఆమె చేయి పట్టుకున్నాను. నాన్న ఏమన్నా సరే ఈసారి అత్త వైపే నిలబడాలని, ఏమేం అనాలో అన్నీ మనసులో సిద్ధం చేసుకున్నాను.

గుమ్మంలో అడుగు పెట్టేసరికి నాన్న ముందుగదిలో కుర్చీ ఎక్కి నిలబడి ఉన్నాడు. ఆ మోకాళ్ళతో! నేను పరుగెత్తి పట్టుకున్నాను.

"రా అక్కా, సమయానికి వచ్చావు. నేను పొద్దున్నే పోయి చూసొచ్చాను, మన పంపు! కట్టేశారు!" ఆయన గొంతులో అంత హుషారు విని ఎన్నాళ్ళయిందో.

"చూశావా తమ్ముడూ" అంది అత్త. కుర్చీ పక్కనే నిలబడిపోయింది. "నీతో ఒక మాట చెప్పాలిరా, పంపు గురించే. అమ్మ..."

"ముందు నన్ను చెప్పనీ. అక్కా, ఆ పువ్వు గుర్తుందా నీకు? సింహం కింద? అమ్మ దాని మీదే చేయి ఆనించుకుని నిలబడేది. నేను స్కూలు నుంచి వస్తుంటే అక్కడి నుంచే చెయ్యి ఊపేది. ఇన్నేళ్ళూ అమ్మ మొహం గుర్తు తెచ్చుకుందామంటే వచ్చేది కాదు, అలుక్కుపోయినట్టుండేది. ఇవాళ ఆ పువ్వు చూశానో లేదో, అమ్మ కళ్ళ ముందు నిలబడిందక్కా! అచ్చం అలాగే! తాడు దాటి పోయి దాన్ని ముట్టుకున్నాను. వాచ్‌మన్ అరిచాడు, అరవనీ!" నాన్న కళ్ళనిండా నీళ్ళు. "పంపులో ఏదున్నా లేకపోయినా, ఆ పువ్వు మాత్రం మా అమ్మదే."

నేను అత్త వైపు చూశాను. ఇప్పుడు చెప్పెయ్యి అని చూశానో, చెప్పకు అని చూశానో నాకే తెలియదు.

"ఏదో చెప్పాలన్నావు?" అన్నాడు నాన్న.

అత్త సంచిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"ఏం లేదురా. నేనూ ఆ పువ్వు గురించే."

"గుర్తుందా అయితే?"

"గుర్తుంది."

"గుర్తుండి ఏం లాభంలే! చేతిలో స్టూడియో పెట్టుకుని ఒక్క ఫోటో తీయించలేకపోయావు. నా పాట్లు నేనే పడ్డాను" అని నాన్న నా చేతికి గొడుగు అందించాడు, మేకు మీది గొడుగు. కింద నుంచి పటం తీయమన్నాడు. గోడకు ఆనించి ఉంది, కాగితం చుట్టి ఉంది. విప్పాను. ప్రదర్శనలో అమ్మే పటమే. ఖాళీ వీధి, ఖాళీ అరుగు, సింహం కింద పువ్వు.

నాన్న దాన్ని అందుకుని మేకుకు తగిలించాడు. కుర్చీ దిగి, వెనక్కి వెళ్ళి, తల పక్కకు వంచి చూశాడు.

"అమ్మ లేకపోతేనేం, అమ్మ చోటు ఉంది. వంకరగా ఉందేమో చూడక్కా. నీకు తెలిసిన పనేగా."

అత్త సంచి కింద పెట్టింది. పటం దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో అంచులు పట్టుకుని, కాసేపు దాన్ని చూసింది.

"కుడివైపు కొంచెం పైకి" అన్నాడు నాన్న.

అత్త ఎత్తింది.

"ఇంకొంచెం."

ఎత్తింది.

"ఆఁ, అదీ! ఇప్పుడు బాగుంది. తప్పు పట్టడానికి లేదు."